పదో తాను

ఉదయం ఎనిమిది గంటలకు బట్టల మిల్లు గేటు దగ్గర ముప్ఫై మందికి పసుపు చీటీలు అందాయి. మధ్యాహ్నానికల్లా ఆ ముప్ఫై మందిలో ఒక్కరికి కూడా పిల్లలు లేరని తేలింది.

చీటీలు పంచింది మిల్లు వెల్ఫేర్ ఆఫీసరు. ఆమె వేసుకున్న ప్లాను చాలా మామూలుది. పొద్దున సర్వే చేయాలి, భోజనాల వేళకు లెక్క తేల్చాలి, మూడింటి మీటింగులో పెద్దాయన ముందు పెట్టాలి, సాయంత్రం రోజూ ఎక్కే బస్సే ఎక్కి ఇంటికి రావాలి.

పెద్దాయన అంటే మిల్లు యజమాని. గేటు పక్కన పాత గోదాం గది ఒకటి ఖాళీగా ఉంది. పనివాళ్ల పిల్లల్ని పగటిపూట చూసుకోవడానికి ఆ గది ఇవ్వమని ఆఫీసరు అడిగింది. బట్టల షోరూం పెడతానని సేల్స్ మేనేజరు అడిగాడు. సేల్స్ మేనేజరు పెద్దాయనకు స్వయానా బావమరిది. పెద్దాయన ఇద్దరినీ కూర్చోబెట్టుకుని, "పిల్లల గది ఎంతమందికి అవసరమో నాకు చూపించమ్మా. ఊరికే కావాలంటే ఎలా?" అన్నాడు.

"అందరినీ అడగమంటారా సార్?"

"అందరినీ అడుగుతూ కూర్చుంటే మగ్గాలెవరు నడుపుతారు? ఇప్పటికే మనుషులు చాలక ఓ వరుస మగ్గాలకు పట్టాలు కప్పి ఉంచాం. కొంతమందినే అడుగు. కానీ ఆ కొంతమందిని చూస్తే అందరినీ చూసినట్టుండాలి."

ఆ గది తనకూ అవసరమని ఆమె పెద్దాయనకు చెప్పలేదు. చెబితే స్వార్థం అనుకుంటాడని ఆగింది.

అవసరం సంగతి ఆ రోజు పొద్దున ఇంట్లో మరోసారి చర్చకు వచ్చింది. సోమవారం అత్తగారు కూతురింటికి వెళ్తున్నారు. కూతురికి నెలలు నిండాయి. వెళ్తే మూడు నెలల దాకా రారు.

"ముందే చెప్పానా లేదా? చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టింది," అన్నారు అత్తగారు మనవరాలి మూతి తుడుస్తూ. "ఇది నన్ను కూర్చోనివ్వదు, నిలబడనివ్వదు. అక్కడైతే పురిటిపిల్ల. పడుకోబెట్టిన చోటే ఉంటుంది. నాకదే సెలవు."

"ఇవాళ మీటింగు అయిపోతే గది వచ్చేస్తుంది అత్తయ్యా. సోమవారం నుంచి బుజ్జిది నాతోపాటే మిల్లుకొస్తుంది."

"రాకపోతే?"

రాకపోతే మొగుడూ పెళ్లాల్లో ఒకరు ఉద్యోగం మానాలి. ఆ ఒకరు ఎవరో ఆ ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. అనాల్సిన అవసరం రాలేదు కూడా. భర్త జీతం ఎక్కువ. బుజ్జిది తన చెంచా తీసి అమ్మ బ్యాగులో వేసింది. ఎవరూ చూడలేదు.

భర్తదీ ఆ మిల్లే. నేసిన తానులను పరీక్షించే ఇన్‌స్పెక్టరు. "ఎవర్ని అడుగుతావ్?" అన్నాడు బూట్ల లేసులు కట్టుకుంటూ.

"నాకు తెలిసిన ఆడవాళ్లున్నారుగా, వాళ్లను పిలుస్తా."

"నీకు తెలిసినవాళ్లు నీకు నచ్చిందే చెప్తారు. బావమరిది గారు ఆ ముక్కే పట్టుకుని నిన్ను ఉతికేస్తాడు. మేం ఏం చేస్తామో అది చెయ్యి. ప్రతి పదో తానునూ తీస్తాం. ఏ మగ్గం మీద నేశారు, ఎవరు నేశారు, మాకనవసరం. పదోదయితే చాలు. అదెలా ఉందో సరుకంతా అలా ఉన్నట్టే."

"అయితే గేట్లోంచి వచ్చే ప్రతి పదో మనిషినీ ఆపుతా."

"ఆపి చేతిలో ఓ చీటీ పెట్టు. మళ్లీ పిలవడానికి గుర్తుంటుంది."

సలహాలో తప్పు లేదు. చీటీ ఏ రంగుదని ఆమె అడగలేదు, అతను చెప్పలేదు.

మిల్లు స్టోర్లో తెల్ల కాగితం అయిపోయింది. "పసుపుది కావాలంటే కట్టలున్నాయి మేడం," అన్నాడు స్టోరు గుమస్తా. కాగితం కాగితమే కదా అని ఆమె ఒక కట్ట తీసుకుంది. ఆమె ఆఫీసు గేటు పైన మేడ మీద. తానులు పరీక్షించే షెడ్డులోకి ఆమె వెళ్లింది ఒకే ఒకసారి, అదీ మంటలు ఆర్పే శిక్షణ రోజున.

వెళ్లుంటే ఒక సంగతి తెలిసుండేది. ఆ షెడ్డులో పరీక్షకు తీసిన పదో తానుకు పసుపు చీటీ గుచ్చుతారు. అందులో లోపం కనబడితే మిగతా తొమ్మిదింటినీ విప్పి చూడరు. పదికి పదీ డ్యామేజీ కింద రాసి వెనక గుమ్మంలోంచి బయటికి పంపేస్తారు. మిల్లులో స్వీపరు దగ్గర నుంచి ఎవర్నడిగినా చెబుతారు.

గేటు దగ్గర ఆఫీసరు పక్కన నిలబడి వాచ్‌మన్ గొంతెత్తి లెక్కపెట్టాడు. "ఎనిమిది, తొమ్మిది, పది! ఆగు మేస్త్రీ!"

మొదటి చీటీ నేత షెడ్డు మేస్త్రికి దక్కింది. వచ్చే ఏడు రిటైర్ కావాల్సిన మనిషి. చీటీని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. వెల్ఫేర్ ఆఫీసుకు రావాలని తప్ప అందులో ఏమీ లేదు.

"ఎందుకమ్మా ఇది?"

"ఏం లేదు మేస్త్రీ, మీరు పదోవారు. కాసేపు చూసి పంపించేస్తాం."

"నన్నా? నాలో ఏం చూస్తారు?"

"మీ ఒక్కరి గురించి కాదు. మిమ్మల్ని బట్టి మిగతావాళ్ల సంగతి తెలుస్తుంది."

మేస్త్రి చీటీని ఒంటికి దూరంగా పట్టుకున్నాడు. వెనకున్న వరుస ఒక్కసారిగా నిలిచిపోయింది. ఆ వరుసలో మగ్గం మీద పనిచేసే ఒకావిడ ఉంది. మగ్గాల చప్పుడు మీదుగా కూడా ఆమె మాట వినిపిస్తుంది కాబట్టి అందరూ తుఫాను అంటారు. "పసుపు చీటీ!" అంది తుఫాను. ఆమె మెల్లిగా అన్నా వీధి చివరిదాకా వినబడింది.

అక్కడినుంచి గేటు దగ్గర మర్యాద పెరిగిపోయింది. రోజూ భుజాలతో తోసుకుని లోపలికి దూరేవాళ్లు పక్కకు జరిగి, "మీరు పదండి," "అబ్బే, పెద్దవారు, ముందు మీరు," అనడం మొదలుపెట్టారు. ఎనిమిది దాకా చకచకా నడిచిన వరుస తొమ్మిది దగ్గర ఆగిపోయేది. ఒకడు ఇంట్లో పొయ్యి ఆర్పలేదేమో అంటూ వెనక్కి పరిగెత్తాడు. అతన్ని నమ్ముకుని పదకొండో స్థానంలో నిలబడ్డ తుఫాను, అతను పోవడంతో పదోది అయిపోయింది.

"మళ్లీ లెక్కపెట్టు!" అంది వాచ్‌మన్‌తో.

"ఎన్నిసార్లు లెక్కపెట్టినా తొమ్మిది తర్వాత పదే వస్తుందమ్మా," అన్నాడు వాచ్‌మన్.

షెడ్డులో, మేస్త్రి కంటే ముందు గేటు దాటిన తొమ్మిది మంది ఒకరినొకరు వెతుక్కుని పట్టుకున్నారు. అంతవరకు వాళ్లలో కొందరికి కొందరితో మాటల్లేవు. తొమ్మిది మందీ మేస్త్రి చుట్టూ చేరారు. ఒకడు తల దువ్వాడు. ఒకడు నూనె మరకలున్న మేస్త్రి చొక్కా విప్పించి తన చొక్కా తొడిగాడు.

"మేస్త్రీ, మా తొమ్మిది మంది బతుకూ నీ చేతిలో ఉంది."

"నాకు దగ్గుందిరా."

"మింగెయ్. ఏమడిగినా బాగుందను. ఇబ్బంది అనే మాట నోట్లోంచి వచ్చిందో, డ్యామేజీ రాసేస్తారు."

ముప్ఫై చీటీల చుట్టూ ముప్ఫై గుంపులు చేరి ఇదే పాఠం చెప్పాయి.

షెడ్డులో ఈ పాఠాల సంగతి ఆఫీసరుకు తెలియదు. గేటు దగ్గరి మర్యాద కూడా సర్వే కోసమే అనుకుంది. ఒక్కొక్కరూ తల దువ్వుకుని, ముఖం కడుక్కుని, చేతులు కట్టుకుని లోపలికి వస్తుంటే సర్వేకు ఇంత గౌరవం ఉందా అని సంతోషించింది.

"మేస్త్రీ, ఇంట్లో చిన్నపిల్లలెవరైనా ఉన్నారా?"

"లేరమ్మా. నేనూ, నాలుగు గోడలూ."

"పిల్లల కోసం ఎప్పుడైనా సెలవు పెట్టాల్సి వచ్చిందా?"

"సెలవంటే ఏంటమ్మా?" అన్నాడు మేస్త్రి. దగ్గు గొంతుదాకా వచ్చింది. కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ మేస్త్రి దాన్ని బయటికి రానివ్వలేదు.

తుఫాను వచ్చి కుర్చీ అంచున కూర్చుంది. అన్నిటికీ ఒక్కో ముక్కలో జవాబిచ్చింది.

"పిల్లలు?"

"లేరు."

"పిల్లల్ని చూసుకునే గది ఒకటి పెడితే ఉపయోగమా?"

"గదులెందుకు మేడం? మగ్గాలు చాలు."

తుఫాను చెమట తుడుచుకోవడానికి పని కోటు జేబులోంచి రుమాలు లాగితే దాంతోపాటు చిన్న మేజోడు ఒకటి కింద పడింది. అరచేతిలో ఇమిడేంత ఉంది.

"ఇదేంటి?"

"మగ్గం సందుల్లో తుడుచుకునేది," అని తుఫాను దాన్ని జేబులో కుక్కుకుంది.

భోజనాల వేళకు లెక్క తేలింది. ముప్ఫై మందిలో పిల్లలున్నవాళ్లు, సున్నా. గది కావాలన్నవాళ్లు, సున్నా. ఆఫీసరు కలం కింద పెట్టి సెలవు అర్జీల ఫైలు తీసింది. పోయిన నెల వచ్చిన సెలవు అర్జీల్లో సగం పిల్లాడికి జ్వరమని రాసినవే. ఎవరికీ పిల్లలు లేకపోతే ఆ జ్వరాలన్నీ ఎవరికొచ్చినట్టు?

అప్పుడు తలుపు తోసుకుని భర్త వచ్చాడు. "పొద్దున నువ్వు పంచింది ఏ కాగితం?"

"స్టోర్లో ఉన్న కాగితం."

అతను బల్ల మీదున్న చీటీ చూసి కుర్చీలో కూలబడ్డాడు. సంగతి చెప్పాడు.

"మరి పొద్దున చెప్పలేదేం? అంత ఉపన్యాసం ఇచ్చారుగా!"

"ఉపన్యాసంలో రంగు లేదు. ముప్ఫై చీటీలు, చీటీకి పది మంది. మిల్లంతా ఇంటికే అనుకుంటున్నారు కింద. నేత షెడ్డులో ఒక్కడూ అన్నం ముట్టలేదు."

ఆఫీసరు వెంటనే మైకు గదికి పరిగెత్తింది. మిల్లంతటికీ వినిపించేలా ప్రకటించింది. "మిల్లులో ఎవరినీ ఉద్యోగాల్లోంచి తీసేయడం లేదు. పసుపు చీటీలకు ఏ అర్థమూ లేదు. ఎవరూ కంగారు పడొద్దు."

అంతవరకు కంగారు నేత షెడ్డులో మాత్రమే ఉంది. అద్దకం షెడ్డు వాళ్లు వేరే గేట్లోంచి వస్తారు. చీటీల గొడవే వాళ్ల చెవిన పడలేదు. వాళ్లు నిశ్చింతగా భోజనం చేస్తుండగా మైకు మోగింది.

"ఏమంటోంది?"

"ఎవర్నీ తీసేయడం లేదంట."

"మరి మైకులో ఎందుకు చెప్తోంది?"

"అదే నాకూ అర్థం కాలేదు."

"అయితే తీసేస్తున్నారన్నమాట!"

ఫోన్లు బయటికి వచ్చాయి. మొదటి ఫోనులో కొంతమందిని తీసేస్తున్నారు. రెండో ఫోనులో మిల్లు మూసేస్తున్నారు. మూడో ఫోను చేరేసరికి మిల్లు అమ్ముడుపోయి, మగ్గాలు లారీలకెక్కుతున్నాయి. అత్తగారికి కబురు తెచ్చింది పక్కింటావిడ. అత్తగారు తర్వాత చెప్పినదాని ప్రకారం ఆ కబురు ఇది: మీ అబ్బాయి ఉద్యోగం పోయింది, తీసేసింది మీ కోడలే.

మూడింటికి మీటింగు మొదలైంది. పెద్దాయన, బావమరిది, ఆమె. కలం కోసం బ్యాగులో చెయ్యి పెడితే చెంచా వచ్చింది. దాన్ని కాగితాల కిందకు తోసి, ఆమె లెక్క ఉన్నదున్నట్టు చదివింది.

"ఇంక మాట్లాడేదేముంది బావా?" అన్నాడు బావమరిది. "ముప్ఫైకి సున్నా. రేపే రంగులేయించేస్తా. బట్టలు తొడగడానికి నిలువెత్తు బొమ్మలు కూడా దించేశాను. గదిలోనే ఉన్నాయి."

పెద్దాయన ఆమె వైపు తిరిగాడు. "నువ్వేమంటావమ్మా?"

"ఈ లెక్క తప్పు సార్."

"నువ్వు తెచ్చిన లెక్కేగా?"

"నేను తెచ్చిందే. అందుకే చెప్తున్నా. వీళ్లు భయపడి చెప్పారు. ఆ భయం నా వల్లే వచ్చింది, నేనిచ్చిన చీటీల వల్ల. భయపడకుండా చెప్పినా ఇది పూర్తిగా సరైన లెక్క కాదు. ఇందాక కూర్చుని ఆలోచిస్తే తెలిసింది. నేను అడిగింది గేటు దాటి పనికొచ్చినవాళ్లని. పిల్లల్ని ఎక్కడో ఒకచోట దింపి రాగలిగినవాళ్లే గేటు దాటుతారు. దింపే చోటు లేనివాళ్లు ఇంట్లో ఉండిపోయారు. గది ఎక్కువ అవసరం వాళ్లకే. గేటు దగ్గర నిలబడి ఎన్ని పదులు లెక్కపెట్టినా వాళ్లలో ఒక్కరు కూడా నాకు దొరకరు."

"మరెక్కడ దొరుకుతారు?" అన్నాడు బావమరిది నవ్వుతూ.

ఆమెకు సోమవారం గుర్తొచ్చింది. "తెలియదు. ఇంకో వారం టైమిస్తే ఇళ్లకు వెళ్లి వెతుకుతా. అసలు విషయం కూడా చెప్పేస్తాను సార్. ఆ గది నాకూ కావాలి. మా పాపకు రెండేళ్లు. ఈ సర్వేలో నిజం చెప్పిన మొదటి మనిషిని నేనే."

పెద్దాయన ఏదో అనబోయాడు. అంతలో వాచ్‌మన్ రొప్పుతూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"సార్, గేటు దగ్గర పిల్లలు."

"ఎవరి పిల్లలు?"

"అందరివీనూ!"

కిందికి దిగి చూస్తే గేటు ముందు కాలు పెట్టే చోటు లేదు. భార్యల ఉద్యోగాలు పోయాయని భర్తలు వచ్చారు, భర్తలవి పోయాయని భార్యలు వచ్చారు, అమ్మమ్మలు, నానమ్మలు, పక్కింటివాళ్లు వచ్చారు. పిల్లల్ని ఒంటరిగా వదిలి రాలేరు కాబట్టి ఎత్తుకునేవాళ్లను ఎత్తుకుని, నడిచేవాళ్లను నడిపించుకుని వచ్చారు. అందరికంటే ముందు అత్తగారు, చంకలో బుజ్జిది.

"ముందిది చెప్పు. ఉద్యోగాలున్నాయా, ఊడాయా?"

"ఉన్నాయి అత్తయ్యా. ఎవరిదీ పోలేదు."

"పోకపోతే నన్నెందుకు పరిగెత్తించారు? బస్సులో కూర్చోవడానికి సీటు లేదు, ఇది నా జుట్టంతా పీకింది. పట్టుకో."

కోడలి చేతుల్లో కాగితాలున్నాయి. పక్కనున్న సేల్స్ మేనేజరు చేతులు ఖాళీగా ఉన్నాయి. అత్తగారు బుజ్జిదాన్ని అతని చేతుల్లో పెట్టి నడుం పట్టుకున్నారు. బుజ్జిది అతని కళ్లజోడు తీసి నోట్లో పెట్టుకుంది.

ఈలోగా షెడ్డుల్లోంచి పనివాళ్లు బయటికి వచ్చారు. "అమ్మా!" అని మూడు గొంతులు ఒకేసారి అరిచాయి. ముగ్గురు పిల్లలు జనం కాళ్ల సందుల్లోంచి దూరి వచ్చి తుఫానును పట్టుకున్నారు. చిన్నవాడి ఒక కాలికే మేజోడు ఉంది.

పెద్దాయన ఆఫీసరు చేతిలోని కాగితం తీసుకుని చూశాడు. "నీకు పిల్లలు లేరని రాసుందే?"

"పొద్దున లేరు సార్," అంది తుఫాను.

నవ్వు ముందు వాచ్‌మన్ దగ్గర మొదలైంది. అక్కడినుంచి అందరికీ పాకింది. మేస్త్రి మనవరాలు తమ పక్కింటావిడ చెయ్యి విడిపించుకుని వచ్చి తాత కాలు పట్టుకుంది. మేస్త్రి పొద్దుటి నుంచి ఆపుకున్న దగ్గంతా అప్పుడు దగ్గాడు. తొమ్మిది మందీ వీపు నిమిరారు.

నవ్వులు తగ్గాక గేటు అవతలి నుంచి ఒకామె మాట్లాడింది. రెండు భుజాల మీదా ఇద్దరు కవలలు. "మిల్లు మూయడం లేదుగా సార్? మా ఆయన అద్దకంలో చేస్తాడు."

"మూయడం లేదమ్మా. నిన్నెక్కడో చూసినట్టుందే."

"ఇక్కడే పనిచేశాను సార్. వీళ్లు పుట్టాక మానేశా. చూసేవాళ్లు లేక."

"ఏ మగ్గం?"

"కిటికీ పక్కది, గోడవారగా."

పెద్దాయన షెడ్డు వైపు చూశాడు. కిటికీ పక్క మగ్గం మీద పట్టా కప్పి ఏడాది దాటింది.

"నీలాంటివాళ్లు ఇంకెవరైనా ఉన్నారా ఇక్కడ?"

ఆమె వెనక్కి తిరిగి చూసింది. జనంలో ఒక చెయ్యి లేచింది. తర్వాత ఇంకొకటి. ఒక చేత్తో బిడ్డను పట్టుకుని రెండో చెయ్యి ఎత్తినవాళ్లు వరసగా కనబడ్డారు. పెద్దాయన లెక్కపెట్టబోయి మధ్యలో తప్పాడు.

"ఏమ్మా, పదో మనిషిని తీస్తావా?" అన్నాడు ఆఫీసరుతో.

"అక్కర్లేదు సార్," అంది ఆమె. "అందరూ వచ్చేశారు."

బావమరిది కళ్లజోడు కోసం బుజ్జిదాన్ని బతిమాలుతున్నాడు. పెద్దాయన అతని జేబులోంచి గోదాం తాళంచెవి తీసి ఆఫీసరుకిచ్చాడు. కాగితాలతోపాటు వచ్చిన చెంచా ఇంకా ఆమె చేతిలోనే ఉంది. చెంచా ఆయనకిచ్చి తాళంచెవి తీసుకుంది.

సోమవారం పొద్దున అత్తగారు కూతురింటికి బయల్దేరారు. అదే పొద్దున పిల్లల గది తెరిచారు. ఆ వారంలోనే కిటికీ పక్క మగ్గం మీద పట్టా తీశారు, దాని తర్వాత ఇంకొన్నిటి మీదా తీశారు. షోరూం కోసం తెప్పించిన బొమ్మలను గదిలోంచి తీసే తీరిక ఎవరికీ దొరకలేదు. రెండో రోజుకు ఒక బొమ్మకు చెయ్యి లేదు. గదిలో తుఫాను పిల్లలు ముగ్గురున్నారు. మేస్త్రి మనవరాలు ఉంది. బుజ్జిది ఉంది.

సర్వే నివేదిక ఫైల్లో భద్రంగా ఉంది. దాని ప్రకారం ఆ మిల్లులో ఎవరికీ పిల్లలు లేరు.